వార్డు కార్యాలయం పోస్టు డబ్బా కాకుండా పెట్టడం ఎలా?

ముందుగా, పురపాలక సంఘం పేటలో తెరిచే ఈ కార్యాలయపు గది సంగతి ముగించేద్దాం. అది నేల అంతస్తులో, జనం రోజూ నడిచే దారిలో ఉండాలి. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ ఎక్కగల వాలు ఉండాలి. కౌంటరుకు అద్దం మాత్రం ఉండకూడదు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నాలుగు బెంచీలు చాలు. బోస్టన్ నగరంలో మేయర్ కెవిన్ వైట్ 1968లో పేటల్లో ఇలాంటి కార్యాలయాలు తెరిపించినప్పుడు వాటిలో కొన్ని ట్రైలర్లలోనే నడిచాయి కనుక, భవనం లేదన్న సాకు చెల్లదు.

తరువాత, ప్రధాన కార్యాలయానికి గత ఏడాది వచ్చిన అర్జీలను పేటల వారీగా లెక్కపెట్టి, ఎక్కువగా వచ్చిన అయిదారు రకాలతోనే మొదలుపెట్టండి. అన్ని సేవలూ ఒకేసారి అని బోర్డు రాయించేవారు మూడు నెలలకే దాన్ని దించుకుంటారు.

అసలు చిక్కు ఇకమీద ఉంది. ఆ కౌంటరులో కూర్చునే ఉద్యోగికి ఏ కాగితంపై సంతకం చేసే అధికారం ఉంటుందో నిర్ణయించి, దానిని లిఖితపూర్వక ఉత్తర్వుగా తెచ్చుకోవాలి. ఇది లేకుండా తెరిచిన కార్యాలయం అర్జీ పుచ్చుకుని పైకి పంపే పోస్టు డబ్బాగా మిగులుతుంది. జనన ధ్రువపత్రంలో ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికి ఒక తల్లి అలాంటి చోటికి మూడుసార్లు రావడం, మూడుసార్లూ “ఫైలు పైన ఉందమ్మా” అన్న జవాబే వినడం నేను చూశాను. ఆమెకు కార్యాలయం దగ్గరయింది గానీ పని దగ్గర కాలేదు.

ఉత్తర్వులో “తగిన అధికారాలు” వంటి మాటలను ఒప్పుకోకండి. అచ్చుతప్పు సవరణ, పన్ను రసీదు నకలు, వీధి దీపం ఫిర్యాదు అంటూ ఒక్కొక్క పనిని పేరు పెట్టి రాయించండి. శాఖాధిపతులు మౌఖికంగా సరేనంటారు. సంతకం దగ్గరకు వచ్చేసరికి పరిశీలిస్తామంటారు. ఆ పరిశీలన ముగిసేదాకా ప్రారంభోత్సవ తేదీ ప్రకటించకండి, ఎందుకంటే రిబ్బను కత్తిరించాక ఏ శాఖా అధికారాన్ని వదులుకోదు.

పైకి పంపక తప్పని అర్జీలకు ఇచ్చే రసీదులో మూడు గడులుండాలి: ఫైలు సంఖ్య, గడువు తేదీ, జవాబుదారీ అధికారి హోదా. కంప్యూటరుతో పాటు చేతిరాత రిజిస్టరు కూడా తప్పనిసరి. దానిని పాతకాలపు చాదస్తమనేవారు కరెంటు పోయిన రోజున కౌంటరులో కూర్చుని చూడాలి. నెలకొకసారి పెట్టే శిబిరాలు ఇలాంటి కార్యాలయానికి సాటిరావు. శిబిరం ఎత్తేశాక ఫైలు ఏమైందని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

జీతాలకూ అద్దెకూ బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టించండి. బోస్టన్ కార్యాలయాలు 1981లో ఖర్చుల కోతల్లోనే మూతబడ్డాయి.

తెరవడానికి వారం ముందు, సిబ్బంది ముఖమెరుగని ఒకరిని నిజమైన అర్జీతో పంపండి. ఆయన తెచ్చిన రసీదులో మూడు గడులూ నిండి ఉంటేనే బోర్డు తగిలించండి.