మొహానికి పౌడర్ ఎలా వేసుకోవాలి? రుద్దకండి, అద్దండి

హన్మకొండలో మే నెల పెళ్లికి వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు. జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు కళకళలాడిన పెళ్లికూతురి మొహం, తలంబ్రాలు అయ్యేసరికి సకినాల పిండి చేత్తో తుడుచుకున్నట్టు అయిపోతుంది. కళ్ల కింద గీతలు, ముక్కు పక్కన చారలు. అందరూ ఎండను తిడతారు. నన్నడిగితే ఎండ తప్పు సగమే, మిగతా సగం పౌడర్ వేసిన చేతిది. ఏళ్ల తరబడి పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తూ ఇదే చూస్తున్నాను.

కావలసినవి: లూజ్ పౌడర్ (అచ్చు కట్టని మెత్తటి పొడి), మెత్తటి వెల్వెట్ పఫ్, ఒక పెద్ద బ్రష్, టిష్యూలు. స్నానం చేసి ఒళ్లంతా జల్లుకునే టాల్కం పౌడర్ వద్దు. దాన్ని ఫౌండేషన్ (మొహమంతా ఒకే రంగులో కనిపించేలా రాసే క్రీమ్) మీద వేస్తే మొహం బూడిద పూసినట్టు ఉంటుంది. షేడ్ ఒంటి రంగుకే సరిపోవాలి. షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనకండి, దవడ మీద కాస్త రాసుకుని బయట వెలుతురులో చూడండి. తెల్లగా కనిపించాలని ఒక షేడ్ తక్కువ కొనేవాళ్లకు మొహం ఒకరిది, మెడ ఇంకొకరిది అన్నట్టు ఉంటుంది.

మొహం కడుక్కుని మాయిశ్చరైజర్ రాసి, పది నిమిషాలు ఆగి ఫౌండేషన్ వేయండి. ఆ పది నిమిషాలు ఆగకపోతే నాకు కోపం వస్తుంది. తర్వాత టిష్యూతో ఒక్కసారి మెల్లగా అద్ది, పైకి తేలిన జిడ్డు తీసేయండి.

అసలు పని కళ్ల కింద. అక్కడి చర్మం పలుచన, నవ్వినా రెప్ప వేసినా ముడతలు పడుతుంది. అక్కడి నలుపు కప్పడానికి వేసే కన్సీలర్ క్రీమ్, వేసిన రెండు నిమిషాలకే ఆ ముడతల్లోకి జారి గీతలు కడుతుంది. గీతలు ఉండగానే పౌడర్ వేస్తే అవి అక్కడే బిగుసుకుపోతాయి, ఇక సాయంత్రం దాకా పోవు. అందుకే ముందు పైకి చూడండి. ఉంగరం వేలితో గీతలను మెల్లగా తట్టి సరిచేయండి. వేలు తీసిన వెంటనే పౌడర్ పడాలి. మధ్యలో ఫోన్ ఎత్తారో, మళ్లీ మొదటికే.

కాబట్టి పఫ్ ముందే సిద్ధంగా ఉండాలి. చిటికెడు పౌడర్ డబ్బా మూతలో పోసి, పఫ్ దానిలో అద్ది, పఫ్‌ను సగానికి మడిచి లోపల లోపలే నలపండి. తర్వాత చేతి వెనక రెండుసార్లు తట్టండి. పఫ్ మీద తెల్లగా పొడి కనిపిస్తోందా? ఎక్కువైంది, ఇంకా తట్టండి. ఇప్పుడు పైకి చూస్తూనే కంటి కింద మెల్లగా అద్ది, కణతల వైపు కొంచెం దొర్లించి తీయండి. ఈడ్చవద్దు. కింద ఫౌండేషన్ ఇంకా తడిగానే ఉంటుంది, ఈడిస్తే అది కదిలి పొడితో కలిసి ఉండలు కడుతుంది. మొహం మీద ప్యాచ్‌లుగా కనిపించేవి అవే.

వీడియోల్లో కళ్ల కింద కుప్పగా పౌడర్ పోసి పది నిమిషాలు ఉంచుతారు, బేకింగ్ అంటారు. ఏసీ గదిలో, రింగ్ లైట్ ముందు అది బాగానే ఉంటుంది. ముప్పై దాటినవాళ్లకు మాత్రం కళ్ల కింద ఎండిపోయి ఇంకా పెద్దవాళ్లలా కనిపిస్తారు. నేను చేయను, చేయమన్నా చేయను.

ఇంకో మాట. సిలికా ఎక్కువగా ఉన్న ట్రాన్స్‌లూసెంట్ పౌడర్, అంటే రంగు కనిపించని పౌడర్, అద్దంలో కనిపించదు కానీ ఫ్లాష్ పడితే ఆ వెలుగును వెనక్కి కొడుతుంది. మా చిన్నమ్మ బిడ్డ పెళ్లిలో నేనే అలా బోల్తాపడ్డాను. ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలోనూ దాని కళ్ల కింద రెండు తెల్లటి అర్ధచంద్రాలు. ఇప్పుడైతే ముందు రోజే లైట్లు ఆర్పి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూస్తాను.

మిగతాది సులువు. నుదురు, ముక్కు, గడ్డం అద్దండి. బుగ్గలకు పఫ్‌లో మిగిలిందే చాలు, మళ్లీ తీసుకోకండి. ఎక్కువైన పొడిని బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి, నూగు వెంట్రుకలు లేచి నిలబడవు. మెడ మరచిపోకండి.

చెమట పట్టాక చెమట మీదే పౌడర్ వేయకండి. ముందు టిష్యూతో అద్ది చెమట తీసేసి, ఆ తర్వాతే కాంపాక్ట్ (చిన్న డబ్బాలో అచ్చులా వచ్చే పౌడర్). బరాత్ టైమ్‌కు ఎవరో ఒక పెద్దమ్మ ప్రేమగా కొంగుతో పెళ్లికూతురి నుదురు తుడవడానికి వస్తుంది. ఆమె చేతిలో ముందే ఒక టిష్యూ పెట్టేయండి, అద్దమని చెప్పండి.

పఫ్‌ను వారానికోసారి సబ్బుతో ఉతికి, పూర్తిగా ఆరాకే వాడండి. తడి పఫ్‌కు పౌడర్ ముద్దలా అంటుకుంటుంది.