బోరు మోటార్ మొబైల్ స్టార్టర్‌కు పవర్ డ్రైవర్ రాయడం ఎలా?

దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా బోర్ల మీద ఆధారపడ్డ పొలాల్లో మొబైల్ స్టార్టర్ డబ్బా ఇప్పుడు కొత్తేం కాదు. రైతు ఇంటి దగ్గరి నుంచే ఫోన్‌తో మోటార్ వేస్తాడు, బంద్ చేస్తాడు. కరెంటు పోతే మాత్రం డబ్బాలోని చిన్న లిథియం సెల్ మీదనే "కరెంటు పోయింది" అని మెసేజ్ వెళ్లాలి. సెల్ నిండుగానే ఉన్నా ఆ మెసేజ్ రాలేదంటే ముందుగా పవర్ డ్రైవర్‌ను, అంటే సెల్, కరెంటు సంగతి చూసే చిన్న ప్రోగ్రాంను అనుమానించండి. కొలవకూడని క్షణంలో వోల్టేజ్ కొలిచి, సెల్ అయిపోయిందనుకుని మెసేజ్ పంపే మోడెమ్‌ను ఆపేసి ఉంటుంది.

1. ఏం చెప్పాలో ముందే తేల్చుకోండి

పై ప్రోగ్రాంకు (డ్రైవర్ ఇచ్చే విలువలు వాడుకునేదానికి) డ్రైవర్ చెప్పాల్సినవి నాలుగు: మెయిన్స్ (లైన్ కరెంటు) ఉందా, సెల్ వోల్టేజ్ ఎంత, సెల్ వేడి ఎంత, చార్జింగ్ నడుస్తోందా. వోల్టేజ్‌ను మిల్లీవోల్టుల్లో, పూర్ణాంకంగా ఇవ్వండి. లైనక్స్ బోర్డైతే అక్కడి పవర్ సప్లై క్లాస్ (బ్యాటరీ వివరాలు చెప్పే లైనక్స్ భాగం) మైక్రోవోల్టులు అడుగుతుంది. వెయ్యి రెట్ల తప్పు దొర్లేది ఇక్కడే. ప్రతి విలువతో పాటు అది ఎప్పుడు కొలిచింది, నమ్మొచ్చా లేదా అన్నది కూడా పంపాలి. కొలవలేకపోతే సున్నా పంపొద్దు. పై ప్రోగ్రాం దాన్ని ఖాళీ సెల్ అనుకుంటుంది.

2. వోల్టేజ్ కొలవడం

100 కిలో ఓముల రెసిస్టర్లు రెండు వరుసగా పెట్టి మధ్యలో నుంచి తీసుకుంటే 4.2 వోల్టులు 2.1 అవుతాయి. 3.3 వోల్టుల రిఫరెన్స్ ఉన్న 12 బిట్ల ఏడీసీలో (వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగంలో) అది దాదాపు 2,606 వస్తుంది. దాన్ని 6,600తో గుణించి 4,095తో భాగిస్తే మిల్లీవోల్టులు. ఈ గుణకారం 16 బిట్లలో పట్టదు, 32 బిట్ల వేరియబుల్ వాడండి. ఏడీసీ పిన్ దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్ లేకపోతే అంత పెద్ద రెసిస్టర్ల వెనక నుంచి ఏడీసీ సరిగా నిండదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది.

అసలు చిక్కు మోడెమ్‌తో. 2జీ మోడెమ్ సిగ్నల్ పంపేటప్పుడు 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సెల్, వైర్లు కలిపి 150 మిల్లీ ఓములుంటే 0.3 వోల్టు పడిపోతుంది: 3.8 ఉన్న సెల్ 3.5గా కనిపిస్తుంది. 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. అదొక్కటే ఆ కరెంటు ఇవ్వాల్సి వస్తే అంత సేపట్లో 1.15 వోల్టులు దిగిపోతుంది. వైరు మందంగా, పొట్టిగా ఉండాల్సిందే. డ్రైవర్ వైపు నుంచి చేయాల్సింది ఇది: మోడెమ్ పంపుతున్నంతసేపు బ్యాటరీ నిర్ణయాలకు కొలతలు తీసుకోకుండా, పాత విలువనే దాని వయసుతో సహా ఇవ్వాలి.

3. ఎక్కడ ఆపాలి, ఎక్కడ మళ్లీ వేయాలి

మోడెమ్‌కు కనీసం 3.2 వోల్టులు కావాలనుకుందాం; పంపేటప్పుడు పడే 0.3 కలిపితే 3.5. 3.6 దగ్గర చివరి మెసేజ్ పంపించి, 3.5 దగ్గర ఆపండి. లోడ్ తీయగానే సెల్ వోల్టేజ్ మళ్లీ లేస్తుంది. అది చూసి వెంటనే ఆన్ చేస్తే మోడెమ్ ఆగుతూ లేస్తూ సెల్‌ను పూర్తిగా పీల్చేస్తుంది. 3.8 దాటితేనో, మెయిన్స్ వస్తేనో మళ్లీ వేయండి.

4. మెయిన్స్ ఉందో లేదో

ఆప్టోకప్లర్ (లైన్ కరెంటును తాకకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) నుంచి 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్ వస్తుంది. పల్స్ రాగానే నడిచే ఇంటరప్ట్ కోడ్‌లో టైమ్ మాత్రమే రాసుకోండి, ఇంకేం చేయొద్దు. 100 మిల్లీసెకన్లు పల్స్ లేకపోతే కరెంటు పోయినట్టు. మూడు ఫేజులకు మూడు ఆప్టోకప్లర్లు కావాలి. అయినా ఒక మాట: మోటార్ తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, వైండింగ్ నుంచి ఆ లైన్లోకి వోల్టేజ్ తిరిగి వస్తుంది, పల్సులు ఆగవు. మోటార్ కాలకుండా ఆపాలంటే ఫేజు కరెంట్లు కొలవక తప్పదు.

5. ఎండ, చార్జింగ్

మే నెలలో నల్లగొండ గాలే 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో రేకు డబ్బా లోపల ఇంకా ఎక్కువ. మామూలు లిథియం సెల్‌ను 45 దాటాక చార్జ్ చేయకూడదు. 10 కిలో ఓముల థర్మిస్టర్‌ను (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గేదాన్ని) సెల్‌కు ఆనించి కట్టండి. దాని బీటా (రెసిస్టెన్స్ వేడితో ఎంతగా మారుతుందో చెప్పే అంకె) 3,950 అయి, పైన, 3.3 వోల్టుల వైపు, 10 కిలో ఓముల రెసిస్టర్ పెడితే, 45 డిగ్రీలకు ఏడీసీ విలువ సుమారు 1,241, 42కు 1,346. మొదటిదాని కన్నా తగ్గితే చార్జింగ్ ఆపి, రెండోది దాటాకే మళ్లీ వేయండి. థర్మిస్టర్ వైరు తెగితే విలువ 4,095 దగ్గరకు పోతుంది, సెల్ గడ్డకట్టినంత చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే 4,000 పైన, 50 కింద ఏది వచ్చినా సెన్సర్ చెడిందని చెప్పి చార్జింగ్ ఆపేయాలి. మైక్రోకంట్రోలర్ రీసెట్‌లో ఉన్నప్పుడు కూడా చార్జర్ ఆగే ఉండేలా దాని ఎనేబుల్ పిన్‌కు రెసిస్టర్ పెట్టండి.

6. పరీక్ష

చార్జింగ్ బంద్ చేసి, సెల్ బదులు బెంచ్ సప్లై (వోల్టేజ్ మార్చుకోగల పవర్ సప్లై) కలపండి. చార్జర్ తోసే కరెంటును చాలా సప్లైలు లోపలికి తీసుకోలేవు. 4.2 నుంచి 3.0 దాకా 50 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ మీటర్‌తో పోల్చండి. తర్వాత సెల్‌ను తిరిగి పెట్టి, మెయిన్స్ తీసి, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మెసేజ్ పంపండి. మోడెమ్ ఎక్కువ కరెంటు లాగేది అప్పుడే.