పండగకి పిల్లలు వస్తున్నారా? ముందే చూసుకోవాల్సినవి

రిటైరైన వాళ్ల ఇంట్లో ఏడాదంతా ఒక లెక్క, పిల్లలు వచ్చే పది రోజులు ఒక లెక్క. "టికెట్లు దొరికాయి నాన్నా" అని ఫోన్లో వినపడగానే ఇంటికి ప్రాణం వస్తుంది. మూసి ఉంచిన గది తలుపులు తెరుచుకుంటాయి, అటక మీది పరుపులు కిందికి దిగుతాయి, కర్టెన్లు ఉతుకులో పడతాయి.

నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నాకూ మా ఆవిడకీ తగిలిన చిన్నా పెద్దా దెబ్బలు దాదాపు అన్నీ పండగ ముందు రోజుల్లోనో, పండగ రోజుల్లోనో తగిలినవే. మామూలప్పుడు మేం జాగ్రత్తగానే ఉంటాం. పిల్లలు వస్తున్నారంటే మాత్రం మా వయసు మేం మర్చిపోతాం. చలికాలమూ సెలవులూ కలిసొచ్చే ఇళ్లలో ఈ మరుపు ఇంకా ప్రమాదం. నా ఈడు వాళ్లు చదువుతారని, చదివి ఈసారైనా ఆగుతారని రాస్తున్నాను.

కుర్చీ ఎక్కకండి

నాలుగేళ్ల కిందట అటక మీది డబ్బా దింపుదామని కుర్చీ ఎక్కాను. తల పైకెత్తి, రెండు చేతులూ చాపాను. కళ్లు తిరిగాయి. పడుతూ పడుతూ చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. ఆరు వారాలు ప్లాస్టరు. మనవరాలిని ఎత్తుకోవాలని నెల రోజులుగా ఎదురుచూసినవాణ్ణి, ఆ పండగంతా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని సరిపెట్టుకున్నాను. అది "తాతా, ఎత్తుకో" అని చేతులు చాపినప్పుడల్లా విరిగిన చెయ్యి కంటే ఎక్కువ నొప్పి కలిగింది.

పడిపోవడం మాకు మాత్రమే జరిగింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. చనిపోయేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

కారణం ఒక్క కాళ్ల బలహీనతే కాదు. కూర్చుని లేచినప్పుడు రక్తాన్ని తలకి అందించడానికి ఒళ్లు వెంటనే సర్దుకోవాలి. వయసు మీద పడ్డాక ఆ సర్దుబాటు నెమ్మదిస్తుంది. దానికి బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, నిద్రమాత్రలు తోడైతే ఇంకా నెమ్మది. లేచి నిలబడ్డ 3 నిమిషాల్లోపు బీపీలో పై అంకె 20 పాయింట్లు గానీ అంతకు మించి గానీ పడిపోతే దాన్ని డాక్టర్లు సమస్యగానే లెక్కేస్తారు. మామూలు చెకప్‌లో కూర్చోబెట్టి చూసిన బీపీ బాగానే ఉండొచ్చు. అందుకే పండగకి నెల ముందు వెళ్లినప్పుడు "పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడండి" అని మీరే అడగండి.

పనుల సంగతికి వస్తే, మా ఇంట్లో ఇప్పుడు ఒకటే కట్టుబాటు. భుజం ఎత్తుకి పైన ఉన్న పని ఏదైనా మేం ముట్టుకోం. ఎవరినైనా పిలిచి చేయించుకుంటాం, లేకపోతే అబ్బాయి వచ్చేదాకా ఆగుతాం. ఫ్యాను రెక్కల మీద దుమ్ము ఉన్నంత మాత్రాన ఎవరూ తిరిగి వెళ్లిపోరు. రెండు వారాల ముందు మొదలుపెట్టి రోజుకి ఒక్క పని చేసుకోండి. ఈ రోజు ఒక గది, రేపు దుప్పట్లు, ఎల్లుండి ఏమీ లేదు. ఆ "ఏమీ లేదు" అన్న రోజుని కూడా కాగితం మీద రాసుకోండి. రాయకపోతే ఏదో ఒక పని వచ్చి అందులో కూర్చుంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. మన ఇంట్లో మనం రాత్రిపూట కళ్లతో నడవం, అలవాటుతో నడుస్తాం. మంచం నుంచి బాత్రూమ్‌కి ఎన్ని అడుగులో కాళ్లకి తెలుసు. పిల్లలు రాగానే ఆ దారి మారిపోతుంది. దారిలో సూట్‌కేసు ఉంటుంది, నేల మీద పరుపు ఉంటుంది, ఛార్జర్ వైరు అడ్డంగా ఉంటుంది, మనవడి బొమ్మ కారు ఉంటుంది. అందుకని వాళ్లు దిగిన మొదటి రాత్రే చెప్పండి: "ఈ దారిలో ఏమీ పెట్టకండి నాన్నా, రాత్రి రెండు మూడుసార్లు లేస్తాను." రాత్రంతా వెలిగే చిన్న లైటు ఒకటి ఆ దారిలో పెట్టండి. బాత్రూమ్ బయట జారే పట్టా ఉంటే తీసేయండి.

మాత్రలు మీకోసం, మనవల కోసం కూడా

సెలవుల్లో మన డాక్టరు ఊళ్లో ఉండకపోవచ్చు, మందుల షాపు మూసి ఉండొచ్చు. పండగకి వారం ముందే మాత్రలు లెక్కపెట్టుకుని, పండగ తర్వాత ఇంకో పది రోజులకి సరిపడా తెచ్చుకోండి. మందుల పేర్లు, మోతాదు, ఏ పూట వేసుకోవాలో, పడని మందులేమిటో పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకి కనపడేచోట పెట్టండి. అవసరం పడిన రాత్రి మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.

జలుబు చేసిందని, ఒళ్లు నొప్పులని, ఇంట్లో ఎవరో తెచ్చిన మాత్ర వేసుకోవడం మన అలవాటు. అదే పెద్ద పొరపాటు. ముక్కు దిబ్బడకి ఇచ్చే కొన్ని మందులు బీపీని పెంచుతాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి పెద్దవాళ్లకి మగత, తికమక తెప్పిస్తాయి; ప్రొస్టేట్ వాపు ఉన్న మగవాళ్లకి మూత్రం ఆగిపోయేలా కూడా చేస్తాయి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీ మందులతోనూ, మూత్రం మాత్రలతోనూ కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. కోడలు ప్రేమగా ఇచ్చినా సరే, ముందు మీ డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.

ఇక చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ మాట ఆగి చదవండి. మన ఇల్లు చిన్నపిల్లలు ఉండే ఇల్లు కాదు కాబట్టి మాత్రలు దిండు పక్కన, డైనింగ్ టేబుల్ మీద, చేతి సంచిలో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. వారం రోజుల గళ్ల డబ్బాని రెండేళ్ల పిల్లవాడు సులువుగా తెరుస్తాడు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు మాత్రలు, ఆమ్లోడిపిన్, వెరాపమిల్ లాంటి బీపీ మాత్రలు పసిపిల్లలకి ఒకటీ రెండు లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు గడప దాటి లోపలికి రాకముందే అన్నీ ఎత్తుగా, తాళం వేసే బీరువాలోకి వెళ్లిపోవాలి. వేసుకునే పూట తీసుకుని, వెంటనే తిరిగి పెట్టేయాలి. మందు చూపించి "చాక్లెట్" అని పిల్లలకి ఎప్పుడూ చెప్పకండి.

మాత్రల కంటే తక్కువగా గుర్తొచ్చేవి గుండ్రటి బటన్ బ్యాటరీలు. వినికిడి మిషన్లో, షుగరు చూసుకునే మీటర్లో, థర్మామీటర్లో, రిమోట్లో ఉంటాయి. పిల్లవాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అనుమానం వచ్చినా చాలు, ఆసుపత్రికి పరిగెత్తాలి. వాంతి చేయించకూడదు. మింగి పన్నెండు గంటలు దాటకపోతే, ఏడాది నిండిన పిల్లలకి దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకుండా. ఏడాదిలోపు పసివాళ్లకి తేనె పనికిరాదు. తేనె కోసం వెతుకుతూ బయల్దేరడం మాత్రం ఆలస్యం చేయకండి.

మనవల దగ్గర్నుంచి మనకి వచ్చేవీ ఉన్నాయి. బడికి వెళ్లే పిల్లలు దగ్గు జలుబులు మోసుకొస్తారు. ఫ్లూ టీకా వేయించుకున్నాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, కాబట్టి వాళ్లు వచ్చే ముందు రోజు వేయించుకుంటే లాభం లేదు. నిమోనియా టీకా సంగతి కూడా అప్పుడే డాక్టరుని అడగండి. పిల్లలకి జ్వరం ఉంటే "రెండు రోజులు ఆగి రండి" అని చెప్పడానికి మనసు రాదు. నాకూ రాదు. అయినా చెప్పాలి.

"పండగ పూట ఎందుకులే"

నేను ఇది రాయడానికి అసలు కారణం ఈ మూడు మాటలే.

ఒక పండగ రాత్రి మా పెద్దన్నయ్యకి దవడ లాగింది, ఆయాసం వచ్చింది, చెమట పట్టింది. ఇంటి నిండా పిల్లలు, బంధువులు. పండగ పూట ఎందుకులే అనుకుని ఎవరికీ చెప్పకుండా పడుకున్నాడు. తెల్లారి వదిన చూసి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గుండెలో కొంత భాగం దెబ్బతినిపోయింది. బతికాడు. కానీ ఇప్పుడు పది మెట్లు ఎక్కితే ఆగుతాడు.

స్వీడన్‌లో గుండెపోట్ల రికార్డులు పదహారేళ్లవి తీసి చూసి, 2018లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. క్రిస్మస్ ముందు రోజు గుండెపోటు వచ్చే ముప్పు మామూలు రోజుల కంటే 37 శాతం ఎక్కువగా ఉంది. రాత్రి పది గంటల వేళ అది అన్నిటికంటే ఎక్కువ. డెబ్బై ఐదు దాటినవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లలో ముప్పు మరీ స్పష్టంగా కనిపించింది. ఏ పండగైనా తీరు ఒకటే: అలసట, నిద్ర లేకపోవడం, భారీ భోజనం, మనసులో ఆరాటం. దానికి చలి తోడైతే రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది.

పెద్దవాళ్లలో గుండెపోటు ఛాతీ పట్టేసినట్టే రానక్కర్లేదు. ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, ఉన్నట్టుండి నీరసం, అంతే ఉండొచ్చు. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇలా ఎక్కువ. పక్షవాతమైతే మూతి ఒక పక్కకి పోతుంది, ఒక చెయ్యి పైకి లేవదు, మాట ముద్దగా వస్తుంది. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ ఎంత ముందైతే అంత మేలు. అందుకే "చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకి" అన్నది ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

మనిషి ఒక్క రోజులో తికమకపడిపోయినా, రాత్రీ పగలూ తెలియకుండా మాట్లాడినా, వయసు వల్లే అనుకోవద్దు. ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో కారణం కావచ్చు. అదే రోజు చూపించాలి. నెమ్మదిగా వచ్చే మతిమరుపు వేరు. దాన్ని ఏడాదికోసారి వచ్చే పిల్లలే ముందు పసిగడతారు. అమ్మాయి "అమ్మా, ఇందాక ఇదే అడిగావు" అంటే కోపం తెచ్చుకోకండి. ఆ మాట ఎంత భయపడుతూ అని ఉంటుందో ఆలోచించండి.

చలి గురించి రెండు మాటలు. వయసు పెరిగేకొద్దీ చలి తెలిసేది ఆలస్యంగా, దాహం వేసేది తక్కువగా. చల్లటి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేడి కోసం మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే బయటికి వచ్చేయాలి. స్నానం మరీ వేడి నీళ్లతో వద్దు, తలుపు గడియ వేసుకోవద్దు.

మనసులు, డబ్బు, ఆ తర్వాతి రోజులు

మధ్యాహ్నం గంటసేపు మా గది తలుపు మూసి ఉంటుందని పిల్లలకి ముందే చెప్పేశాం. మొదట్లో మా ఆవిడకి అది తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఆ గంట వల్లే సాయంత్రం మనవలతో కూర్చోగలుగుతోంది. వంట అంతా తనే చేయాలన్న పట్టుదల కూడా వదిలేసింది. కూతురు ఒకటి, కోడలు ఒకటి, అబ్బాయి ఒకటి. మనవల్ని రోజంతా మనకి వదిలి తిరగడానికి వెళ్తామంటే, ఎన్ని గంటలు చూడగలమో ఆ లెక్క చెప్పడంలో తప్పు లేదు. పాకే పిల్లల వెనక మనం పరిగెత్తలేం, అది వాళ్లకీ తెలియాలి.

ఆస్తి, వీలునామా మాటలు అందరూ కూడిన భోజనాల దగ్గర ఎత్తకండి. మాట్లాడాల్సినవే, కానీ ఒక ఉదయం, కాగితాలు ముందు పెట్టుకుని, చెప్పాల్సినవాళ్లతోనే. సెలవుల్లో మనవడి గొంతుతోనే "తాతా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపు" అని మోసపు ఫోన్లు వస్తాయి. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ఆ మాట చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి, మనవడి నంబరుకి మీరే చేయండి.

వాళ్లు వెళ్లిపోయిన మూడో రోజు నాకు బాగా కష్టంగా ఉంటుంది. మొదటి రెండు రోజులు నిద్రతో గడిచిపోతాయి. మూడో రోజు ఇంట్లో గడియారం చప్పుడు వినపడుతుంది. అందుకే ఆ రోజుకి ముందే ఏదో ఒకటి పెట్టుకుంటాను. పాత స్నేహితుణ్ణి రమ్మనడమో, మేమే ఎవరింటికో వెళ్లడమో. నిద్ర పట్టక, తిండి సహించక రెండు వారాలు దాటితే డాక్టరుకి చెప్పండి.

ఇల్లు సర్దడానికి అంత తొందర వద్దు. పరుపులు నాలుగు రోజులు కిందే ఉండనివ్వండి. అటక మీదికి వెళ్లాల్సినవి మాత్రం, వాళ్లు బయల్దేరే ముందు రోజే అబ్బాయి చేత ఎక్కించేయండి.