జుట్టు కొసలు కత్తిరించాలా, వద్దా? కిటికీ దగ్గర కూర్చుని తేల్చుకోండి

“కొసలు కత్తిరించుకోవే, జుట్టు పెరుగుతుంది” అంటుంది పిన్ని. “ఉన్న నాలుగు పోచలకీ కత్తెర పెట్టకు” అంటుంది అమ్మమ్మ. ఇద్దరిలో ఎవరూ జడ విప్పి కొసలు చూసి చెప్పరు. మూడు నెలలకోసారి కత్తిరించాలని పార్లర్‌లో చెప్పే లెక్క కూడా అలాంటిదే. అది క్యాలెండర్ చూసి చెప్పేది, మీ వెంట్రుక చూసి కాదు.

వెంట్రుక పెరిగేది కుదురు దగ్గర, తల చర్మం లోపల. కొసకి ప్రాణం లేదు, అక్కడ కత్తెర పడిన సంగతి కుదురుకి తెలియదు. నెలకి సుమారు అర అంగుళం, ఏడాదికి ఆరు అంగుళాలు, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. ఈ లెక్కన నడుము దాకా జడ ఉన్న మనిషికి కొసల వయసు నాలుగైదేళ్లు. అన్నేళ్ల తలంట్లు, తువ్వాళ్లు, దువ్వెనలు, ఎండ భరించాక అవి కాస్త చిట్లడంలో వింతేం లేదు. ఎన్ని చిట్లాయి, ఎక్కడిదాకా చిట్లాయి అన్నది చూసుకుంటే చాలు.

ముందు సరిగ్గా చూడండి

నూనె తలతో చూస్తే ఏమీ తెలియదు. నూనె చిట్లిన కొసల్ని కూడా అణిచి, నున్నగా చూపిస్తుంది. సీరం కూడా అంతే. తలంటుకున్న మర్నాడు, ఏమీ రాయకుండా, ఉదయం పూట కిటికీ దగ్గర కూర్చోండి. ఒళ్లో తెల్ల దిండు గలీబు పరుచుకోండి. జుట్టు నెరిసి ఉంటే నల్ల గుడ్డ.

పెన్సిల్ మందాన ఒక పాయ తీసుకుని తాడులా మెలి పెట్టండి. బాగున్న వెంట్రుకలు మెలికలో ఒదిగిపోతాయి. విరిగినవి, చిట్లినవి పక్కలకి పొడుచుకొస్తాయి. ఇప్పుడు కొసని గలీబు మీద పరిచి ఒక్కో వెంట్రుకా చూడండి. కళ్లు ఆనకపోతే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడొచ్చు. చెవుల పక్కన రెండు, మెడ దగ్గర ఒకటి, పై వరసలో ఒకటి, ఇలా నాలుగు చోట్ల చూస్తే గానీ తీర్పు చెప్పకండి. ఎండ తగిలే పై వరస ఒకలా, లోపలి వరస ఇంకోలా ఉండటం మామూలే.

నా లెక్క ఇది. ఇరవై వెంట్రుకల్లో ఒకటో రెండో చిట్లి ఉంటే ఆ ఒక్కటో రెండో కత్తిరించి ఊరుకోవచ్చు. ఐదారు దాటితే జుట్టు మొత్తానికి కత్తెర పడాలి. ఎంత కత్తిరించాలన్నది చిట్లిన చోటు కొసకి ఎంత పైన ఉందో అదే చెబుతుంది. అంగుళమా, బెత్తెడా, ఇంకా పైకా? వేళ్లతో కొలిచి గుర్తుపెట్టుకోండి.

కొస రెండుగా చీలింది

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది, ఒక పెంకు మీద ఇంకో పెంకు. రాపిడికీ వేడికీ ఆ పెంకులు ఊడిపోతే లోపలి పోగులు బయటపడతాయి. అప్పుడు కొబ్బరి తాడు కొస పీచు విడినట్టు వెంట్రుక రెండుగా, ఒక్కోసారి చీపురులా నాలుగైదు పాయలుగా విడిపోతుంది.

దీనికి కత్తెర ఒక్కటే మందు. చిట్లిన కొసల్ని అతికిస్తామని చెప్పే సీసాలు చాలా ఉన్నాయి. అవి అతికించేది మళ్లీ తలంటుకునే దాకానే. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్లేటప్పుడు రాసుకోండి, తప్పు లేదు. చీలిక మొదలైన చోటుకి కనీసం అర అంగుళం పైన కత్తిరించండి. సరిగ్గా చీలిక దగ్గరే కత్తిరిస్తే అప్పటికే బలహీనపడిన ముక్క అక్కడే ఉండిపోయి నెల తిరక్కుండా మళ్లీ విడిపోతుంది.

ఇంకొకటి. క్లాసులోనో ఆఫీసు మీటింగులోనో తోచక చీలిన కొసని రెండు గోళ్లతో పట్టి చివరిదాకా లాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. అర అంగుళంతో పోయేదాన్ని మూడంగుళాలు చేసుకోవడమే అది.

వెంట్రుక మీద తెల్లటి చుక్కలు

మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు జడ విప్పగానే కొసల దగ్గర తెల్లటి చుక్కలు కనపడ్డాయి. ఈపి అనుకున్నాను. పేల దువ్వెన తెచ్చి అరగంట బరబరా దువ్వాను. చుక్కలు పోలేదు సరికదా, ఒళ్లో చిన్న చిన్న ముక్కలు రాలాయి. అప్పుడు ఒక వెంట్రుక తీసి వంచి చూస్తే సరిగ్గా చుక్క ఉన్న చోటే పుటుక్కున విరిగింది.

ఈపి సాధారణంగా కుదుళ్లకి దగ్గరగా, చెవుల వెనకా మెడ దగ్గరా ఉంటుంది, వెంట్రుకకి ఒక పక్కన అంటుకుని ఉంటుంది. ఈ చుక్క అలా కాదు. వెంట్రుక నలిగి, పోగులు అక్కడ విచ్చుకున్న గుర్తు అది. గోటితో తీస్తే రాదు. తడి జుట్టు చిక్కు తీయడం, తువ్వాలుతో గట్టిగా రుద్దడం, స్ట్రెయిట్‌నర్ వాడటం దీనికి మామూలు కారణాలు. అన్నిటికంటే చెడ్డది తడి ఆరకుండా స్ట్రెయిట్‌నర్ పెట్టడం. లోపలున్న నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. తర్వాత ముట్టుకుంటే విరుగుతుంది. మా అమ్మాయి హాస్టల్‌లో చేసింది అదేనని తర్వాత మెల్లగా బయటపెట్టింది.

చుక్కలు కొసకి బెత్తెడు లోపల ఉంటే అన్నిటికంటే పై చుక్క దాటాక కత్తిరించేయండి. చుక్కలు జడ మధ్యదాకా పాకితే మాత్రం జుట్టంతా కోసుకోకండి. కొసలు అంగుళం తీసి, వేడి పూర్తిగా మానేసి, కొత్త జుట్టు దిగేకొద్దీ మూడు నాలుగు నెలలకోసారి కొంచెం కొంచెంగా పాతది తీసేయడం నయం. మేం అదే చేశాం. ఏడాదిన్నర పట్టింది.

జడ కొస ఎలకతోక అయిపోయింది

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. సన్నబడిన కొసంతా చిట్లినదని అర్థం కాదు. తల మీద వెంట్రుకలన్నీ ఒకే రోజు పుట్టలేదు. కొన్ని ఆరేళ్లవి, కొన్ని ఆరు నెలలవి. అందుకే పొడవాటి జడ కొస దగ్గర సహజంగానే సన్నబడుతుంది. ఆ సన్నటి కొసని గలీబు మీద పరిచి చూడండి. చీలికలు లేకపోతే అది జబ్బు కాదు. కత్తిరిస్తే ఒత్తుగా కనిపిస్తుంది, ఉంచుకుంటే పొడుగు మిగులుతుంది. మీ ఇష్టం.

జడ కొస నుంచే కాకుండా పై నుంచే పలచబడుతూ, దువ్వెన నిండా పొడుగాటి వెంట్రుకలు వస్తుంటే ఒకదాని రెండు కొసలూ చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది విరిగింది కాదు, కుదురు నుంచి రాలింది. రోజుకి యాభై నుంచి వంద దాకా అలా రాలడం మామూలే. అంతకంటే చాలా ఎక్కువ రాలుతుంటే రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి గుర్తు తెచ్చుకోండి. గట్టి జ్వరం వచ్చిందా? కాన్పు అయిందా? కడుపు మాడ్చుకుని బరువు తగ్గారా? థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు. దీనికి కత్తెర పనికిరాదు, డాక్టర్‌ని అడగాలి. గుండ్రంగా నున్నటి మచ్చలా జుట్టు ఊడితే అది పేనుకొరుకుడు. చిట్కాలు మాని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఏళ్ల తరబడి అదే పొడుగు

జుట్టుకి రంగు వేసుకునేవాళ్లకి దీని పరీక్ష చేతిలోనే ఉంది. రంగు వేసిన నెలకి పాపిడిలో తెల్ల గీత కనిపిస్తోందా? అయితే జుట్టు పెరుగుతూనే ఉంది. పైన పెరిగినంతా కింద విరిగిపోతోంది కాబట్టి పొడుగు మారడం లేదు. ఇలాంటివాళ్లు కత్తెరకి భయపడి కొసల్ని కాపాడుకుంటూ ఉంటారు. కానీ ఆ కొసలే విరుగుతూ పోతాయి. ఒకసారి బెత్తెడు వదులుకుని, ఆ తర్వాత కొసల్ని జాగ్రత్తగా చూసుకుంటే ఏడాదిలో తేడా తెలుస్తుంది. పెరిగేది కత్తిరించినందుకు కాదు, విరగడం ఆగినందుకు.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటా ఈ కోవలోదే. వెంట్రుక సహజమైన కొస సూది మొనలా ఉంటుంది, కత్తి పడ్డాక మొద్దుగా వస్తుంది. చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. కుదుళ్లు అన్నే. మొక్కు వేరు, ఆ పుణ్యం మీకు ఉంటుంది. తిరుమలలో మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చినవాళ్లు మాత్రం కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయేమో చూసుకుని సమం చేయించుకుంటే సరిపోతుంది.

గరుగ్గా, గడ్డిలా ఉంది కానీ చీలిక లేదు

ఇల్లు మారాక మొదలైతే నీళ్లని అనుమానించండి. బోరు నీళ్లలో కాల్షియం లాంటి లవణాలు ఎక్కువగా ఉంటే అవి వెంట్రుకకి పట్టుకుంటాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే పొర మీ జుట్టుకీ పడుతోందన్నమాట. కత్తిరిస్తే ఏం లాభం, మిగిలిన జుట్టుకీ అదే పొర! తలంటు ఆఖరున ఒక చెంబు మంచినీళ్లలో చెంచా నిమ్మరసం కలిపి కొసల మీద పోసి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. వారంలో మెత్తబడితే కత్తెర అక్కర్లేదు. కుంకుడుకాయ వాడేవాళ్లు రసం కుదుళ్లకే పట్టించి, కొసలకి నురగ మాత్రం తగలనిస్తే చాలు, లేకపోతే కొసలు ఎండిపోతాయి.

తలంటుకి ముందు కొసలకి కొబ్బరి నూనె రాయమని పెద్దవాళ్లు చెప్పింది ఉత్త మాట కాదు. కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. వెంట్రుకలోని ప్రోటీన్ కడుగుడులో పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటేనని అందులో తేలింది. కానీ ఇది చిట్లకుండా కాపాడేదే, చిట్లినదాన్ని బాగు చేయలేదు.

జడ మధ్యలో పొట్టి వెంట్రుకలు లేస్తున్నాయి

మొన చూడండి. సన్నగా సూదిలా ఉంటే కొత్తగా వస్తున్న జుట్టు, సంతోషించండి. మొద్దుగానో పీచులానో ఉంటే విరిగినవి. అన్నీ ఒకే ఎత్తులో విరిగితే రోజూ అక్కడ పడే రబ్బర్ బ్యాండో, క్లచ్చరో, హెల్మెట్ పట్టీయో కారణం. గుడ్డ చుట్టిన బ్యాండ్‌కి మారండి, ముడి చోటు రోజూ మార్చండి. వీటికి కొసలు కత్తిరించడం దండగ.

కత్తిరించేటప్పుడు

ఇంట్లో అయితే పొడి జుట్టునే కత్తిరించండి, తడిగా ఉంటే సాగి కొలత తప్పుతుంది. ఉంగరాల జుట్టుకి ఇది మరీ ముఖ్యం, ఆరాక రెండంగుళాలు పైకి ఎక్కి కూర్చుంటుంది. పాల ప్యాకెట్లు కోసే కత్తెర వాడకండి. మొద్దు అంచు వెంట్రుకని తెంపదు, నలుపుతుంది, నలిగిన చోటే మళ్లీ చిట్లుతుంది. జుట్టు కత్తెర ఒకటి కొని ఎవరికీ కనపడకుండా దాచుకోండి. మంగళవారం, శుక్రవారం కత్తెర పట్టనివ్వని ఇల్లయితే మర్నాటి దాకా ఆగండి, ఒక్క రోజులో మునిగిపోయేదేం లేదు.

పార్లర్‌లో అయితే “కొంచెం తీయండి” అన్న మాట మాత్రం అనకండి. నేను ఒకసారి అలా అని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి జానెడు జుట్టు నేల మీద ఉంది. ఆ అమ్మాయిని అనేందుకు లేదు, ఆమె దృష్టిలో కొంచెమంటే అంతే. ఇప్పుడు కుర్చీలో కూర్చోక ముందే ఇంటి దగ్గర కొలుచుకున్న చోట సన్న రబ్బర్ బ్యాండ్ వేసుకుని వెళ్తున్నాను. దాని కింద మీ ఇష్టం, పైన మాత్రం ముట్టుకోవద్దని చెప్తున్నాను.