కొండ దాపున, నీటి ఒడ్డున గుడారానికి చోటు ఎంచుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కొండనూ నీటినీ ఒకే చూపులో చూడగలిగే చోట్లకు కొదవ లేదు. గంట్యాడ మండలంలో గోస్తనిపై తాటిపూడి, మెంటాడ మండలంలో చంపావతిపై ఆండ్ర, వంగర మండలంలో మడ్డువలస, హిరమండలం వద్ద వంశధారపై గొట్టా బ్యారేజీ, మహేంద్రగిరి నుంచి దిగి బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ తీరం మొదట గుర్తుకు వస్తాయి. ఇటువంటి చోట ఒక రాత్రి గుడారంలో గడపాలనుకునే వారు గుడారం, పరుపు, పొయ్యి వంటి సామగ్రి గురించి ఆలోచించినంతగా నేల గురించి ఆలోచించరు. నా అనుభవంలో సామగ్రి లోపాన్ని సర్దుకోవచ్చు గాని, చోటు తప్పితే అర్ధరాత్రి చీకటిలో దిద్దుకోవడం చాలా కష్టం.

మొదట గ్రహించవలసినది ఏమిటంటే, పైన చెప్పిన నీటి తావులలో ఒక్కటీ సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. అవన్నీ నదికి అడ్డుకట్ట వేసి నిలిపిన జలాశయాలు, లేదా కొండల నుంచి పారే ఏర్లు. సహజమైన సరస్సు ఒడ్డు మారినా సాధారణంగా నెమ్మదిగా మారుతుంది. జలాశయపు ఒడ్డు మాత్రం ఎగువన కురిసిన వానను బట్టి, దిగువన పొలాలకు వదిలిన నీటిని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటుంది. నీరు తగ్గినప్పుడు బయటపడే నేల చదునుగా, మెత్తగా, లేత గడ్డి మొలిచి, గుడారం కోసమే పరిచినట్లు కనిపిస్తుంది. అది జలాశయపు గర్భం. నీరు ఎప్పుడైనా తిరిగి వచ్చే చోటు. అక్కడ పగలు కూర్చోవచ్చు, భోజనం చేయవచ్చు, కాని పడుకోకూడదు.

కొన్నేళ్ళ క్రితం అక్టోబరు నెలలో మేము నలుగురం ఒక జలాశయానికి ఎగువన, గెడ్డ (కొండవాగు) వచ్చి నీటిలో కలిసే చోట, ఇసుకమేటపై రాళ్ళు పేర్చి వంట మొదలుపెట్టాము. గుడారం కూడా అక్కడే వేయాలని మా ఆలోచన. ఆ దారిన ఆవులను తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, “ఒద్దు బాబూ, మీదన వాన పడితే గెడ్డ ఆగదు, ఆ మెరక మీదికి ఎళ్ళిపోండి” అన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఆయన మాట మన్నించి మెరకకు మారాము. ఆ రాత్రి మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. అయినా రెండో జాము దాటాక గెడ్డ చప్పుడు మారింది. తెల్లవారి చూస్తే మేము వంట చేసుకున్న రాళ్ళు కనిపించలేదు, వాటిపై మోకాటి లోతున ఎర్రనీరు పారుతోంది. అప్పటి నుంచి నేను ఏ చోటుకు వెళ్ళినా ముందు పశువులు కాసేవారిని వెతికి, నీరు ఎంతవరకు వస్తుందని అడుగుతాను. ఎవరూ చెప్పలేనంత సూక్ష్మంగా వారు చెబుతారు.

అడగడానికి ఎవరూ లేనప్పుడు నేలనే చదవాలి. తుప్పల కొమ్మలకు చిక్కుకున్న ఎండుగడ్డి, గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు ఏ ఎత్తున ఉన్నాయో చూస్తే వరద ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. బండలపై ఒక గీత వరకు రంగు వెలిసి, ఆ పైన నల్లగా నాచు పట్టి ఉంటే ఆ గీత నిండు నీటిమట్టానికి గుర్తు. నునుపు తేలిన గుండ్రని గులకరాళ్ళు, ఒకే దిక్కుకు వంగి ఉన్న రెల్లు, వేళ్ళు బయటపడిన చెట్లు కూడా ఆ మాటే చెబుతాయి. ఈ గుర్తులన్నిటికన్నా కనీసం రెండు నిలువుల ఎత్తున, నీటి అంచు నుంచి 60 మీటర్లకు తగ్గకుండా గుడారం ఉండాలి. ఆ దూరం మన భద్రతకే కాదు, రాత్రివేళ నీటికి వచ్చే జంతువుల దారి విడిచిపెట్టడానికీ, మన వ్యర్థాలు నీటిలో కలవకుండా ఉండడానికీ కూడా అవసరం. జలాశయపు గేట్ల దిగువన ఉండే నదిగర్భాన్ని, మిగులు నీరు పోయే కలుజు కాలువను, గట్టును ఏ కాలంలోనూ ఎంచుకోకూడదు. గేట్లు ఎత్తేటప్పుడు సైరన్ మోగుతుంది గదా అని నిబ్బరించడం నాకు సమ్మతం కాదు. నిద్రలో ఉన్నవారు లేచి, పిల్లలను లేపి, చీకటిలో ఒడ్డెక్కడానికి పట్టే సమయాన్ని నీరు ఇవ్వదు.

మన ఊరిలో వాన లేదన్న ధైర్యం ఈ రెండు జిల్లాలలో బొత్తిగా పనికిరాదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండలలో పుట్టి వస్తున్నాయి. మహేంద్రతనయ జన్మస్థానమూ అక్కడే. అందువల్ల బయలుదేరే ముందు శ్రీకాకుళం వాతావరణంతో పాటు ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల వాన సూచనను కూడా చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి ఉద్దానం కొబ్బరితోటలను కూల్చింది. ఆ వెంటనే ఎగువ వానలకు వంశధార పొంగింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చింది. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపాను నెలలు గనుక అప్పుడు గుడారం మాట తలపెట్టకపోవడమే మేలు. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లను చూసుకుంటూ, డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు వెళ్ళడం అన్నివిధాలా అనుకూలం. మార్చి దాటాక ఎండుటాకుల మంటలు, ఏప్రిల్, మే నెలలలో సాయంత్రపు పిడుగులు మొదలవుతాయి.

పిడుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన పల్లెల్లో ఒంటరి తాటిచెట్టు పిడుగు పడే చోటని పిల్లలకు కూడా తెలుసు, అయినా నీడ కోసం దాని కిందికే చేరుతుంటారు. గుడారం బట్ట పిడుగు నుంచి కాపాడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపున ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంటిలోకి గాని, పైకప్పు ఉన్న కారులోకి గాని చేరి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటకు రాకూడదు. కాబట్టి కారు ఎక్కడ నిలుపుతామన్నది కూడా చోటు ఎంపికలో భాగమే. నీటి అంచు, బోడికొండ శిఖరం, బయలు నడుమ ఒంటరి చెట్టు, ఈ మూడింటికీ దూరంగా ఉండాలి. పిడుగు లేని రోజున కూడా తాటి, కొబ్బరి చెట్ల కింద పడుకోకూడదు. మట్టలూ కాయలూ రాలడానికి వేళాపాళా ఉండదు.

చలి, గాలి విషయంలో ఎంపిక సులభం. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుచేత లోయలో మంచు, చలి ఎక్కువ. శిఖరాన గాలి ఎక్కువ. కొండ నడుమున, లోయకు కొంచెం ఎగువన ఉండే చదును నేల రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. తూర్పు ముఖంగా ఉంటే పొద్దున్నే ఎండ తగిలి గుడారం ఆరుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది గనుక, 1501 మీటర్ల మహేంద్రగిరి మీదికి వెళ్ళేవారు బారువ తీరం కన్నా తొమ్మిది, పది డిగ్రీల చలి ఎక్కువగా ఉంటుందని లెక్కవేసుకుని దుప్పట్లు తీసుకువెళ్ళాలి. చలి వేస్తోందని బొగ్గుల కుంపటిని గుడారం లోపల పెట్టుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ తప్పు మాత్రం ఎవరూ చేయవద్దు.

జంతువుల గురించి ఊరివారు చెప్పే మాటను భయపెట్టడంగా తీసుకోకూడదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల జీడితోటలలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఎలుగు మనుషులపై దాడి చేసింది. జీడిపండు, పనసపండు పక్వానికి వచ్చే కాలంలో, ముఖ్యంగా సంధ్యవేళా వేకువజామునా, అవి తోటలలోకి వస్తాయి. తవ్విన చెదపుట్టలు కనిపిస్తే అక్కడ ఎలుగు తిరుగుతున్నదని అర్థం. ఆ చోటును వదిలేయాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా వైపు, కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస పరిసరాలలో ఏనుగుల గుంపు సంచరిస్తూ ఉంటుంది. చెరకు, అరటి, వరి పొలాల దాపునా, అవి నీటికి దిగే దారులలోనూ బస చేయడం ప్రమాదం. గుంపు ఆ మండలంలో ఉందని తెలిస్తే ఆ వారానికి ప్రయాణం మానుకోవాలి. పాముల బెడద లేకుండా రాళ్ళగుట్టలు, గడ్డివాములు, పుట్టలు ఉన్న చోటు విడిచిపెట్టాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది, కాటు నొప్పి అంతగా తెలియదు కూడా. అందుకని బరకం పరిచి ఆరుబయట పడుకోవడం కన్నా జిప్పు పూర్తిగా మూసుకునే, అడుగు కుట్టిన గుడారం మంచిది. అది దోమలను కూడా ఆపుతుంది. ఏజెన్సీ అంచున మలేరియా ఉన్నదని మరువరాదు. పాముకాటు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఏ ఊరిలో ఉందో, అక్కడికి ఎంత సేపు పడుతుందో ముందే తెలుసుకోవాలి. 108కి ఫోన్ కలిసే చోటు ఎక్కడుందో కూడా నడిచి చూసుకోవాలి; కొండ మలుపులో సిగ్నల్ పోవడం తరచుగా జరుగుతుంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి గ్రామాలలో వలస పక్షులు గూళ్ళు కట్టుకునే చెట్ల దగ్గర గుడారం వేయకూడదు. అక్కడి జనం ఆ పక్షులను ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. పగలు దూరంగా నిలబడి చూసి రావడమే మర్యాద.

ఇక నేల ఎవరిదన్న ప్రశ్న. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. అటవీ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. జలాశయపు గట్టు, దాని చుట్టుపక్కల నేల జలవనరుల శాఖది. గిరిజన గ్రామాల దగ్గరైతే ఊరి పెద్దతో మాట్లాడాలి. కొన్ని చెట్లూ కొన్ని బండలూ వారికి దేవతల తావులు, అవి బయటివారికి కనిపించవు. ఇన్ని చిక్కుల నడుమ నేను ఇష్టపడేది మాత్రం ఊరికి అర కిలోమీటరు లోపు, నీటికి ఎగువన, యజమాని ఒప్పుకున్న మామిడితోట లేదా కళ్ళం. కళ్ళం నేల ఎత్తుగా, గట్టిగా, చదునుగా ఉంటుంది. తుప్పలు ఉండవు, నీరు నిలవదు, పిలిస్తే పలికే మనిషి దగ్గరలో ఉంటాడు. అయితే వరి నూర్పులు ముగిసేవరకు కళ్ళం ఖాళీగా ఉండదు. అందుకే సంక్రాంతి దాటాక అడగాలి, ధాన్యం ఇంటికి చేరిన రైతు సంతోషంగా ఒప్పుకుంటాడు.

తాగునీరు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మంచిది. జలాశయపు నీటిని తాగక తప్పనప్పుడు గుడ్డతో వడకట్టి, తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరిగించాలి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, నీటిలో కరిగిన లవణాలు, పొలాల నుంచి వచ్చిన మందులు పోవు. కాలకృత్యాల కోసం నీటికి 60 మీటర్ల అవతల జానెడు లోతు గుంత తవ్వి, తరువాత పూడ్చాలి.

చోటు ఖాయం చేసుకునే రోజున మధ్యాహ్నం మూడు గంటలకే అక్కడ ఉండాలి. డిసెంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, చీకటిలో నేలను చదవడం ఎవరి వల్లా కాదు. గుడారం విప్పకముందే బరకం పరిచి, ఇంటిల్లిపాది ఒకసారి పడుకుని చూడాలి. ఒంటికి తగిలే రాయి, వేరు అప్పుడే తెలుస్తాయి. నేల ఎటు పల్లంగా ఉందో తెలిసి, మెరక వైపు తల పెట్టుకోవచ్చు. తల ఎత్తి పైకి చూస్తే ఎండుకొమ్మలు, తేనెపట్లు కనిపిస్తాయి. వెనక కొండవాలున విడిగా నిలిచిన గుండ్లు ఉంటే వాటి కింది నుంచి జరగాలి. కారును రోడ్డు వైపు ముఖం పెట్టి నిలపాలి. తిరుగు దారిలో గెడ్డ దాటవలసి వస్తే, రాత్రి అది పొంగినా బయటపడగల రెండో దారి ఉన్నదో లేదో వెలుగుండగానే నడిచి చూడాలి. లేకపోతే గెడ్డకు ఇవతలి ఒడ్డునే గుడారం వేసుకోవాలి, అవతలి ఒడ్డు ఎంత అందంగా ఉన్నా సరే.

పొద్దున బయలుదేరేటప్పుడు పొయ్యి బూడిద మీద నీళ్ళు పోసి, చేతితో తాకి చల్లారిందని నిర్ధారించుకుని, రాళ్ళను తీసిన చోటనే పెట్టి, చెత్తను సంచిలో కట్టుకుని, తోట యజమానికి వెళ్ళివస్తామని చెప్పి రావాలి.