అల్-హమ్దీ పాఠం ఎలా చెప్పాలి?

ఉత్తర యెమెన్ అధ్యక్షుడు ఇబ్రహీం అల్-హమ్దీ గురించి క్లాసులో చెప్పాల్సొస్తే హత్యతో మాత్రం మొదలుపెట్టకండి. ఎత్తుకున్నారంటే పీరియడ్ మొత్తం దానికే పోతుంది. నేనైతే ఊరి రోడ్డుతో మొదలుపెడతాను.

అంతకంటే ముందు బోర్డు మీద మ్యాప్ గీయండి. పైన సౌదీ, మధ్యలో ఉత్తర యెమెన్ రాజధాని సనా, కింద ఏడెన్ రాజధానిగా మార్క్సిస్టుల దక్షిణ యెమెన్. అప్పట్లో ఉత్తర, దక్షిణ యెమెన్‌లు రెండు దేశాలని చెప్పకపోతే తర్వాత ఒక్క ముక్కా బుర్రకెక్కదు. 1962లో ఇమామ్ (మతపెద్ద కూడా అయిన రాజు) పాలన కూలడం, ఆపై 1970 దాకా సాగిన అంతర్యుద్ధం రెండు మాటల్లో తేల్చేయండి.

నింపాదిగా చెప్పాల్సింది సహకార సంఘాల సంగతి. సర్కారు చేయి అందని కొండ ఊళ్లలో జనమే సంఘం పెట్టుకున్నారు. చందాలు, జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం)లో వాటా, సౌదీలో పనిచేసేవాళ్లు పంపిన డబ్బు కలిపి రోడ్లు, బడులు వేసుకున్నారు. గల్ఫ్ డబ్బు ఊరిని ఎలా మారుస్తుందో కరీంనగర్ పిల్లలకు మనం చెప్పక్కర్లేదు, వాళ్లే మనకు చెబుతారు. ఈ సంఘాల సమాఖ్యకు హమ్దీయే నాయకుడు. 1974 జూన్ 13న రక్తం చిందకుండా గద్దె ఎక్కినప్పుడు ఆయనకు పల్లెల్లో ఉన్న బలం ఇదే.

ఇక షేక్‌ల దగ్గరికి, అంటే తెగల పెద్దల దగ్గరికి రండి. 1975లో హమ్దీ, బలమైన షేక్ కుటుంబమైన అబూ లుహూమ్ వాళ్లను సైన్యంలోని పెద్ద పదవుల నుంచి తప్పించాడు. తెగల పెద్దలకు అది మింగుడుపడలేదు. మరోపక్క ఖజానా నడిచేది సౌదీ సాయంతో, ఆయన స్నేహహస్తం చాచింది ఏడెన్ వైపు. టెన్షన్ అంతా అక్కడే ఉంది. ఆయన్ని దేవుణ్ణి చేయకండి సుమా. రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసిందీ ఆయనే.

హత్యకు చివరి పది నిమిషాలు చాలు. 1977 అక్టోబర్ 11న సనాలో ఆయన్ని, సోదరుడు అబ్దుల్లాను చంపేశారు. ఏడెన్ ప్రయాణం ఇంకో రెండు రోజుల్లో ఉంది. పక్కన ఇద్దరు ఫ్రెంచ్ యువతుల శవాలు పెట్టారు, పరువు కూడా తీయాలని. వేళ్లు తర్వాత గద్దెనెక్కిన అల్-ఘష్మీ వైపు, సౌదీ వైపు చూపించాయి కానీ కోర్టులో ఏదీ తేలలేదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పండి.

ఘష్మీ కూడా 1978 జూన్‌లో ఏడెన్ దూత తెచ్చిన బ్రీఫ్‌కేస్ బాంబుకు బలయ్యాడు. తర్వాత వచ్చిన అలీ అబ్దుల్లా సాలెహ్‌ను ఇదే పీరియడ్‌లో కుక్కకండి, ఆయనకు ఇంకో రోజు కేటాయించండి.