లండన్‌ను విందాం – 4వ పాఠం: గంటల దగ్గర ఆగండి

ఇంగ్లిష్ స్వరకర్త ఎరిక్ కోట్స్ 1933 నాటి ‘లండన్ సూట్’లో (ఆర్కెస్ట్రా కోసం రాసిన మూడు భాగాల రచన) మొదటి భాగం ‘కోవెంట్ గార్డెన్’కు కిందటిసారి తాళం వేయమన్నాను. ఎక్కువమంది నాలుగు దెబ్బలు లెక్కపెట్టి, మధ్యలో చేయి తప్పిందని రాశారు. అది టారంటెల్లా (వేగంగా సాగే ఇటాలియన్ నృత్యం) అని చెప్పి ఊరుకోవడం నా పొరపాటు. అందులో దెబ్బలు రెండే, ఒక్కో దెబ్బలో మూడేసి అక్షరాలు. ఆది తాళం పక్కన పెట్టి ‘తకిట తకిట’ అనుకుంటూ మళ్లీ వినండి. ‘చెర్రీ రైప్’ అనే పాత పాట వినబడగానే చేయి ఆపేస్తున్నారు. ఆపకండి. కోవెంట్ గార్డెన్ అంటే పండ్లు, పూలు అమ్మిన లండన్ బజారు; దాని గురించిన సంగీతంలో చెర్రీపండ్ల పాట రావడం సహజం. ఆ బజారు 1974లో లండన్‌లోనే నైన్ ఎల్మ్స్ అనే చోటికి తరలిపోయింది.

రెండో భాగం ‘వెస్ట్‌మినిస్టర్’. చివర్లో గంటలు వినబడగానే అందరూ ‘బిగ్ బెన్’ అని రాశారు. ఈ మాట నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది. బిగ్ బెన్ అంటే వెస్ట్‌మినిస్టర్‌లోని పార్లమెంటు గడియార గోపురంలో, గంట పూర్తయినప్పుడు మాత్రమే మోగే పెద్ద గంట, బరువు 13 టన్నులకు పైమాటే. మీరు విన్న గంటల రాగం పలికేవి అక్కడే ఉన్న వేరే నాలుగు చిన్న గంటలు. పావుగంటకు నాలుగు స్వరాలు, అరగంటకు ఎనిమిది, ముప్పావుకు పన్నెండు, పూర్తి గంటకు పదహారు. అవి ముగిశాకే పెద్ద గంట పలుకుతుంది. స్వరాలు లెక్కపెడితే సంగీతంలో వేళ ఎంతయిందో తెలిసిపోతుంది. మరో ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ 1914లో వినిపించిన ‘లండన్ సింఫనీ’ కోట్స్ రచనలా తేలిక సంగీతం (లైట్ మ్యూజిక్) కాదు, అయినా ఈ ఒక్క విషయం కోసం వినండి. మొదట్లో హార్ప్ అనే తీగవాద్యం అరగంట కొడుతుంది, ముగింపులో ముప్పావు. అంత పెద్ద నగరం కదిలి మళ్లీ సద్దుమణిగే వేళకు గడియారం ముందుకు జరిగిన ఆ చోట నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో ఇంగ్లిష్ స్వరకర్త జాన్ ఐర్లండ్ 1936 నాటి ఆర్కెస్ట్రా రచన ‘లండన్ ఓవర్చర్’లో ‘పికడిలీ!’ అన్న బస్సు కండక్టర్ కేకే ప్రధాన స్వరమాలగా మారింది. దాన్ని వచ్చే పాఠంలో విప్పుదాం.

సాధన: కోట్స్ సూట్‌లో మూడో భాగం ‘నైట్స్‌బ్రిడ్జ్’ మార్చ్‌ను (కవాతు నడక సంగీతం) మూడుసార్లు వినండి. మొదట నడుస్తూ, తర్వాత బాస్ వాద్యాలు మాత్రమే పట్టుకుంటూ, చివరగా వయోలాలను (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది స్వరాలు పలికేవి) వెతుకుతూ. కోట్స్ స్వయంగా క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో వయోలా వాద్యకారుడు, అందుకే మధ్య స్వరాల మీద నాకు అంత పట్టుదల. వయోలాలు దొరకకపోతే నాలుగోసారి వినండి.